పరిశోధన వ్యాస రచన: కోలారు బంగారు గనులు

పరిశోధన వ్యాసానికి తొలిమెట్టు విషయాన్ని పరిమితం చేసుకోవడం. 'బంగారు గనుల చరిత్ర' సముద్రం వంటిది. 'కోలారు గని కార్మికుల జీవితం' ఈదదగిన చెరువు.

ఆధారాలు రెండు విధాలు: లిఖితాలు, మౌఖికాలు. 1802లో గ్రామీణులు మట్టి కడిగి బంగారం తీయడాన్ని బ్రిటిషు సైన్యాధికారి వారెన్ నమోదు చేశాడు. 1880లో జాన్ టేలర్ సంస్థ తవ్వకాలు చేపట్టింది. 1902లో శివసముద్రం నుండి విద్యుత్తు వచ్చింది. 3 కిలోమీటర్లకు పైగా లోతుకు చేరిన గనులు 2001లో మూతపడ్డాయి. ఇవి పత్రాలు చెప్పే సంగతులు.

అంత లోతున భరించిన ఉక్కను, రాతి పేలుళ్ల భయాన్ని, ఊపిరితిత్తులలో చేరిన ధూళిని ఎవరు చెప్పాలి? తమిళ, తెలుగు ప్రాంతాల నుండి వలస వెళ్లిన కార్మికుల కుటుంబాలే చెప్పాలి. సంస్థ లెక్కలలో ప్రమాదం ఒక అంకె. ఆ ఇంట అదొక తీరని లోటు. కనుక వృద్ధులను వినయంగా అడిగి, వారి అనుమతితోనే రాసుకోండి.

అయితే జ్ఞాపకమూ పొరబడవచ్చు. తేదీలను పత్రాలతో సరిచూడండి. రెండూ విభేదిస్తే రెండింటినీ పేర్కొని, మీ నిర్ణయానికి కారణం తెలపండి. ప్రతి అంశం ఎక్కడ లభించిందో సూచించండి.

అభ్యాసం: మీ ప్రాంతంలో మూతపడిన గని లేదా కర్మాగారం గురించి ఒక పత్రాన్ని, ఒక వృద్ధుని మాటను ఆధారంగా తీసుకొని వ్యాసం రాయండి.