పసిఫిక్ కోస్టు లీగు చరిత్రము

మన విద్యార్థులలో క్రికెట్టు నెఱుగని వారు లేరు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ స్థానము నాక్రమించిన యాట బేస్ బాలు. ఇందు జట్టునకు తొమ్మిదిమంది. పిచ్చరు అనువాడు బంతిని నేలకు తాకింపకయే విసరును. ఎదుటి జట్టువాడు గుండ్రని దుడ్డుకఱ్ఱతో దానిని కొట్టి, నాలుగు మూలలు గల బాటను చుట్టివచ్చినచో ఒక పరుగు. బంతిని కొట్టి, ఔటు గాక మొదటి మూలకు చేరుట 'హిట్టు'. బంతిని మైదానపు గోడ దాటించుట 'హోమ్ రన్ను'. ఇది మన సిక్సరు వంటిదే యైనను దీనికి ఆఱు పరుగులు రావు. కొట్టినవాడును, అప్పటికే మూలలయందు నిలిచియున్నవారును చుట్టు ముగించి వత్తురు, అంతియే. ఈ మాత్రము తెలిసిన చదువరులకు మేము చెప్పబోవు చరిత్రము బోధపడకపోదు.

1903 మొదలు 1952 వఱకు ఆ దేశమున అగ్రశ్రేణి జట్లు పదునాఱే. అవి పది పట్టణములలో నుండెను. అన్నిటికంటె పడమటిది మిసిసిపీ నదీతీరమందలి సెంటు లూయి. అచ్చటినుండి పసిఫిక్ మహాసముద్రము వఱకు గల విశాలదేశమున ఒక్క పెద్దజట్టైనను లేకుండెను. పొగబండి ప్రయాణమునకు దినములు పట్టుటయే ఇందులకు ముఖ్యకారణము. మైనరు లీగు అనగా ఈ పదునాఱింటికి వెలుపల తక్కిన పట్టణములు తమలో తాము కూడి యేర్పఱచుకొను జట్ల కూటమి. అట్టివి పదులకొలది పుట్టి గిట్టినవి. వానిలో పసిఫిక్ కోస్టు లీగు దారి వేఱు. దానిని 'మైనరు' అని పిలుచుటయే అన్యాయమని పడమటి తీరమువారు చిరకాలము వాదించిరి.

ఈ లీగు 1903లో పుట్టెను. లాస్ ఏంజలిస్, శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లాండు, శాక్రమెంటో, పోర్ట్‌లాండు, సియాటిల్ అను ఆఱు పట్టణములు ఇందు జేరెను. తొలియేట స్వతంత్రముగ నడచి, 1904లో మైనరు లీగుల జాతీయ సమాఖ్యకు లోబడెను. ఇంకను పసిబిడ్డగా నుండగనే దీనికొక గండము వచ్చెను. 1906 ఏప్రిల్ 18వ తేదీ వేకువను శాన్ ఫ్రాన్సిస్కో నగరము భూకంపమునకు లోనై, వెంటనే అగ్నికి ఆహుతి యయ్యెను. జట్టు ఆడు మైదానము నాశమయ్యెను. ఇండ్లు కోల్పోయిన జనులు గుడారములలో తలదాచుకొనుచుండగా ఆట యెవరికి గావలయునని మనము తలపవచ్చును. కాని జట్టు చెదరిపోలేదు. అఖాతమునకు ఆవలి యొడ్డుననున్న ఓక్లాండులోని ఐడోరా పార్కునకు పోయి, ఆ యేటి యాటలను అచ్చట సాగించెను.

కాలిఫోర్నియా శీతోష్ణస్థితి ఈ లీగునకు పెట్టనికోట. తూర్పుసీమలో చలి ముదిరిన పిమ్మట ఆట సాగదు. పెద్దజట్లు ఏటికి 154 ఆటలతో సరిపెట్టుకొనెడివి. పడమటనో, 1905లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు ఒక్క యేట 230 ఆటలాడెను! ఆటగాండ్రకు జీతము వచ్చు నెలలు హెచ్చగుటచే, పెద్దజట్లు పిలిచినను పోనొల్లని వారును గలరు. ఆటలు హెచ్చగుకొలది అంకెలును పెరుగును. 1925లో సాల్టు లేకు సిటీ జట్టు వాడగు టోనీ లజెరీ 60 హోమ్ రన్నులు కొట్టెను. రెండేండ్లకు న్యూయార్కులో సుప్రసిద్ధుడగు బేబ్ రూత్ కూడ 60 కొట్టెను. ఈ రెండు అఱువదులను ఒకే త్రాసున దూచరాదు: రూత్ ఆడినవి 151 ఆటలు, లజెరీ ఆడినవి 197. అదియు గాక సాల్టు లేకు సిటీ ఎత్తైన పీఠభూమిపై నున్నది. అచ్చటి పలుచని గాలిలో బంతి దూరము పోవును. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు ఇందలి కారణము నాలోచింపవచ్చును.

ఫ్రాంక్ షెలెన్‌బాక్ అను పిచ్చరు కథ మాకు మిక్కిలి జాలి గొలుపునది. బంతికి ఉమ్మి పూసి విసరినచో అది దారిలో వింతగా వంగును. అదియే అతని విద్య. 1920లో పెద్దలీగులు ఆ విధానమును నిషేధించి, అప్పటికే తమలో నుండి దానిచే బ్రతుకుచున్న కొందఱు పిచ్చర్లను మాత్రము మినహాయించెను. షెలెన్‌బాక్ అంతకుమున్ను షికాగో పెద్దజట్టులో ఆడినవాడే; కాని పట్టిక వ్రాయబడు సమయమున పసిఫిక్ లీగునకు పంపబడియుండెను. అందుచే అతని పేరు పట్టిక కెక్కలేదు. పసిఫిక్ లీగు అతనికి అనుమతి నిచ్చెను. ఇక నతడు పిచ్చరుగా ఆ తీరము విడువలేక, 1938 వఱకు అచ్చటనే యాడి, ఆ లీగున 295 విజయములు సంపాదించెను. ఆ లెక్కను అందు మఱియెవ్వరును అందుకొనలేదు.

పోదగినవారు పోయిరి. ఇటలీనుండి వలసవచ్చిన ఒక జాలరి కుమారుడు, జో డిమాజియో, 1933లో పదునెనిమిదేండ్ల ప్రాయమున శాన్ ఫ్రాన్సిస్కో సీల్స్ జట్టున వరుసగా 61 ఆటలలో హిట్టు కొట్టెను. పిమ్మట మోకాలు దెబ్బతిన్నందున కొనువారు జంకిరి. తుదకు న్యూయార్కు యాంకీలు 25,000 డాలర్లును ఐదుగురు ఆటగాండ్రను ఇచ్చి అతనిని గొనిరి. 1941లో అతడు వరుసగా 56 ఆటలలో హిట్టు కొట్టి దేశమంతట కీర్తి గాంచెను. శాన్ ఫ్రాన్సిస్కో వృద్ధులు మాత్రము ఇంతకు మించినది తాము చూచితిమని చెప్పుకొనెడివారు.

ఈ తీరమున అందఱికిని తావు దొరకినదని యెంచరాదు. 1916 మే 28వ తేదీని జిమ్మీ క్లాక్స్టన్ అను పిచ్చరు ఓక్లాండు పక్షమున ఒకేనాడు రెండాటలలో బంతి విసరెను. అతడు అమెరికా ఆదిమవాసి యని జట్టువారికి తెలుపబడియుండెను. అతనిలో నీగ్రో రక్తము గలదని తెలిసినంతనే, వారము తిరుగకమున్నే అతనిని తొలగించిరి. ఈలోపల ఒక మిఠాయి కంపెనీవారు ఆటగాండ్ర చిత్రములు గల చీటీలను అచ్చువేయుచు అతని చిత్రమును సైతము వేసిరి. జట్టు త్రోసివేసిన వానిని ఆ చిన్న చీటీ నిలువబెట్టినది. మరల ఒక నల్లవానికి ఈ లీగున ద్వారము తెఱచుటకు ముప్పది రెండేండ్లు పట్టెను. 1948లో శాన్ డియేగో జట్టు తన యూరివాడే యగు జాన్ రిచీని చేర్చుకొనెను.

ఆ 1948లోనే ఓక్లాండు జట్టు వయసు చెల్లిన ఆటగాండ్రతో లీగు గెల్చి 'తొమ్మిదిమంది ముదుసళ్లు' అను ముద్దుపేరు పొందెను. వారి శిక్షకుడగు కేసీ స్టెంగెల్ మఱుసటి యేట న్యూయార్కునకు పిలువబడి, వరుసగా ఐదేండ్లు అగ్రపీఠము గెల్చెను. 1949లో సీల్స్ జట్టు తన శిక్షకుడగు లెఫ్టీ ఓడూల్ వెంట జపానునకు పోయి, యుద్ధముచే నలిగిన ఆ దేశమున ఆటలాడి వచ్చెను. మా లీగును మూడవ పెద్దలీగుగా గుర్తింపుడని పడమటివారు పలుమాఱు కోరిరి. 1952లో 'ఓపెన్' అను ప్రత్యేకశ్రేణి లభించెను. మైనరులలో నిట్టిది మఱియొకదానికి రాలేదు. అది సగము మెట్టు. తక్కిన సగము ఎక్కుటకు వ్యవధి లేకపోయెను.

ఏలయన విమానములు వచ్చినవి, దూరము తగ్గినది. 1958లో బ్రూక్లిను జట్టు లాస్ ఏంజలిసునకు, న్యూయార్కు జెయింట్సు శాన్ ఫ్రాన్సిస్కోకు తరలివచ్చెను. పెద్దజట్లు వచ్చినవని అచ్చటివారు సంతోషించిరి, అది సహజమే. కాని యాబదేండ్లకు పైగా ఆ యూళ్లపేరు మోసిన జట్లు మూటలు గట్టుకొనవలసివచ్చెను. లాస్ ఏంజలిసు జట్టు స్పోకేనునకు, హాలీవుడ్డు జట్టు సాల్టు లేకు సిటీకి, సీల్స్ జట్టు ఎడారియందలి ఫీనిక్సునకు పోయెను. ఆనాటినుండి పసిఫిక్ లీగు పెద్దజట్లకు ఆటగాండ్రను తయారుచేయు పాఠశాల వంటిదయ్యెను. 2021లో దాని పేరు సైతము తీసివేయబడి, 2022లో మరల వచ్చెను.

జెయింట్సు తమ సొంత మైదానము సిద్ధమగువఱకు, 1958, 1959 సంవత్సరములలో, 1931లో కట్టబడిన సీల్సు మైదానముననే ఆడిరి. పిమ్మట దానిని పడగొట్టిరి. దాని దీపస్తంభములను, కొన్ని ఆసనములను టకోమా పట్టణమునకు కొనిపోయి, 1960లో క్రొత్తగా కట్టిన చీనీ మైదానమున నెలకొల్పిరి. టకోమా క్లాక్స్టన్ పెరిగిన యూరు. ఆ యేడే టకోమా జట్టు పసిఫిక్ లీగున జేరగా, శాన్ ఫ్రాన్సిస్కోలో డిమాజియోకు వెలుగు జూపిన దీపస్తంభముల క్రిందనే దాని రాత్రి యాటలు మొదలయ్యెను.