పాత నిబంధన దగ్గర నేర్చుకున్నవి

రేపల్లెలో సండే స్కూల్ టీచరుగా, తర్వాత లూథరన్ సంఘ పెద్దగా నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. తెనాలి, బాపట్ల వైపు కూడికలకు వెళ్లినప్పుడల్లా కుర్రాళ్లు అడుగుతారు: “తాతగారూ, కొత్త నిబంధన చేతిలో ఉండగా ఆ పాతదంతా మనకెందుకండీ?” వాళ్లకు చెప్పే మాటలే రాస్తున్నాను.

1. యేసు ప్రభువు యూదుడు. పుట్టిన ఎనిమిదో రోజున సున్నతి చేశారు. విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లడం ఆయనకు వాడుక అని లూకా రాశాడు. నజరేతులో చదవమని ఆయన చేతికిచ్చింది యెషయా గ్రంథం. శిష్యులతో చివరి రాత్రి కూర్చున్నది పస్కా భోజనానికి. ఆయన చదివిన లేఖనం, పాడుకున్న కీర్తన, ఉపవాసంలో సాతానుకు చెప్పిన జవాబు అన్నీ పాత నిబంధనలోవే. మన క్రిస్మస్, ఈస్టరు నాటకాల్లో పరిసయ్యుడికి మాత్రం నల్లగడ్డం అంటించి, కళ్లెర్ర చేయించి విలన్‌గా నిలబెడతాం. ప్రభువూ ఆ జనంలోని వాడేనని నాటకం వేసే పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

2. లేవీయకాండం 19వ అధ్యాయం చదవకుండా ఎవరూ ప్రేమ గురించి ప్రసంగం చేయకూడదు.

ఒకసారి స్త్రీల కూడికలో రూతు కథ చదివాం. కోతలయ్యాక పరిగె ఏరుకోవడం తెలియని పాలెం మన డెల్టాలో లేదు. కూలి ఆడవాళ్లు రాలిన వెన్నులు ఒళ్లో వేసుకుని, ఇంటికొచ్చి నలిపి, చేటలో చెరిగి ఆ గింజలు దాచుకునేవారు. కథ విని ఒక పెద్దమ్మ, “మమ్మల్నయితే గట్టు మీంచే అదిలించేవోళ్లయ్యా. ఆ బోయజుగారు కావాలని పిడికెడు పిడికెడు రాల్చమన్నాడా!” అని నోరు తెరిచింది.

రూతు పరిగె ఏరుకున్న చేను ఆసామి బోయజు మంచివాడే. అయితే అతని మంచితనానికి ముందు అక్కడ ధర్మశాస్త్రం ఉంది. చేను అంచుల దాకా కోయకు, రాలింది ఏరుకోకు, అది బీదవాళ్లకూ పరదేశికీ వదిలెయ్యి అంటుంది లేవీయకాండం 19. రూతు మోయాబు నుంచి వచ్చిన పరదేశే. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర అట్టిపెట్టుకోకు అంటుంది. చెవిటివాణ్ణి తిట్టకు, గుడ్డివాడి దారికి అడ్డం పెట్టకు అంటుంది. ఇవన్నీ అయ్యాక 18వ వచనంలో నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే నీ పొరుగువాణ్ణి ప్రేమించమని వస్తుంది. ప్రభువు రెండో గొప్ప ఆజ్ఞగా చెప్పింది దీన్నే. మొదటిది ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలోది. ఈ ప్రేమ సువార్తలతోనే మొదలైందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. ఆ ఒక్క వచనం విడిగా వింటే చెవికి ఇంపుగానే ఉంటుంది. అధ్యాయం మొత్తం చదివితే మాత్రం ఆసామికి చెమట పడుతుంది. నాబోతు ద్రాక్షతోట కోసం అహాబు రాజు చేసిన ఘోరం కథ, బీదల తరఫున ఆమోసు ప్రవక్త కోపం కూడా ఈ కోవలోవే. భూమి లేనివాళ్ల సంఘాలకు ఇంతకంటే దగ్గరి పుస్తకం ఏముంటుంది?

3. పాతదాన్ని తీసేద్దామన్న ఆలోచన కొత్తదేం కాదు. రెండో శతాబ్దంలో మార్కియోను అనే ఆయన హెబ్రీ లేఖనాలన్నీ పక్కనపెట్టి, కత్తిరించిన లూకా సువార్తతో, పౌలు పత్రికలు కొన్నిటితో సరిపెట్టాడు. క్రీ.శ. 144లో రోమా సంఘం ఆయన్ని వెలివేసింది. సంఘం ఆ రోజు చేసింది సరైన పని.

4. లూథరన్లమైన మనం ఒక చేదు నిజం దాచకూడదు. 1842లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ గుంటూరులో మొదలుపెట్టిన పని 1927 నాటికి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘమైంది. మనం ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ మార్టిన్ లూథర్, 1523లో యేసు యూదుడుగా పుట్టాడంటూ దయగా రాశాడు. అదే మనిషి 1543లో యూదుల సమాజమందిరాలు తగలబెట్టమని, ఇళ్లు కూల్చమని, గ్రంథాలు లాక్కోమని రాశాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత నాజీలు ఆ రాతల్ని వాడుకున్నారు. 1994లో అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఆ మాటల్ని బహిరంగంగా తిరస్కరించింది. యేసును సిలువ వేయించారని యూదులందరి మీదా వేసే నిందను కతోలిక సంఘం 1965లోనే తోసిపుచ్చింది. మన సంఘాల్లో ఈ సంగతి చెప్పిన ప్రసంగం నేను విన్నది చాలా అరుదు. లూథర్‌ని గౌరవించేవాళ్లే ఇది ముందు చెప్పాలి. రోమా పత్రిక 11లో పౌలు ఏనాడో హెచ్చరించాడు: అంటు కట్టిన కొమ్మలు మీరు, అసలు కొమ్మల మీద అతిశయించకండి అని.

5. కొత్తరెడ్డిపాలెం వాళ్లను ఎగతాళి చేయొద్దు. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల పోయే దారిలో చేబ్రోలు ఉంది కదా, దాని పక్క ఊరే అది. అక్కడ బెనె ఎఫ్రాయీము అనే తెలుగు యూదులున్నారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు, ఒకప్పుడు క్రైస్తవులు. యాకోబి సోదరులు ముందు నడవగా యూదు ఆచారాలవైపు తిరిగి, 1991లో సొంత సమాజమందిరం కట్టుకున్నారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయీము తమదంటారు. అలాగే చెప్పుకునే ఈశాన్య రాష్ట్రాల బ్నెయ్ మెనాషే జనానికి 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ గుర్తింపు దొరికింది. వీళ్లకు అలాంటిది రాలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఆ ఊళ్లో ఉండి పరిశోధించి 2013లో పుస్తకమే రాశారు. కులం మోపిన అవమానానికి ఎదురు నిలవడం కూడా ఈ కథలో ఉందని దాంతో లోకానికి తెలిసింది.

వాళ్ల వంశావళి తేల్చడం నా పని కాదు. నా నమ్మకం యేసుక్రీస్తులోనే. కానీ ఒకటి గమనించండి. తరతరాలుగా చదువుకు దూరం పెట్టిన జనం బైబిలు చేతికి రాగానే ఐగుప్తు బానిసల కథలో తమ కథ చూసుకున్నారు. మన తాతలూ అదే చూసుకుని బాప్తిస్మం తీసుకున్నారు. వేరే దారిన వెళ్లారని వాళ్లను వెక్కిరించే హక్కు మనకు లేదు.

6. చదవడం రూతుతో మొదలుపెట్టండి. తర్వాత సమూయేలు, ఆమోసు. రోజుకో కీర్తన. లేవీయకాండంలో బలుల అధ్యాయాలు ఆఖరున చదివినా ఫర్వాలేదు. యూదులు 24 గ్రంథాలుగా లెక్కపెట్టేదీ మనం 39గా లెక్కపెట్టేదీ ఒకటే లేఖనం. వరస మాత్రం వేరు.

7. శుభ శుక్రవారం ఏడు మాటల ఆరాధన నడిపేవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. యోహాను సువార్తలో “యూదులు” అని వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. తీర్పు పిలాతుదని, మేకులు కొట్టింది రోమా సైనికులని చెప్పండి. సిలువ దగ్గర నిలబడ్డ తల్లి మరియ, మగ్దలేనే మరియ, దేహాన్ని అడిగి తెచ్చుకున్న అరిమతయియ యోసేపు, వీళ్లంతా యూదులేనని చెప్పండి. నాలుగో మాట ఎవరికి వస్తే వాళ్లు 22వ కీర్తన మొదటి వచనంతో ఆపేయకుండా చివరిదాకా చదివి వినిపించాలి. బీదలు తృప్తిగా తింటారన్న మాట అందులో 26వ వచనంలో ఉంది.