బలియు ప్రాయశ్చిత్తమును

తెలంగాణ సరిహద్దు నానుకొని యున్న బస్తరు అరణ్యములలో పామేడు అను గ్రామము గలదు. అది నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బీజాపూరు జిల్లాకు చేరియున్నది. ఆ ప్రాంతపు కోయలు విత్తులు చల్లుటకు ముందు విత్తనముల పండుగ జరిపి, భూదేవికి కోడినో మేకనో బలియిచ్చి, ఊరంతయు కలిసి భుజింతురు. ఆ సహభోజనమే వారి ఐకమత్యమునకు గుర్తు. క్రైస్తవ మతమును స్వీకరించిన కుటుంబములు పెక్కుచోట్ల ఈ బలియందు పాల్గొనవు. తమ దేవతను అవమానించిరని తక్కినవారు నొచ్చుకొందురు. ఇట్టి ఎడబాటు శ్మశానము వరకును పోవుచున్నది. బస్తరు జిల్లాలో ఒక క్రైస్తవుని ఖననమును గూర్చిన వివాదము సర్వోన్నత న్యాయస్థానమును చేరగా, 2025 జనవరిలో ఇరువురు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి. సమాధి ఎచ్చటనో న్యాయస్థానము చెప్పగలదు. మనస్సులు కలియుటకు మాత్రము పరస్పరావగాహన కావలెను.

క్రైస్తవుడు బలికి దూరముగా నుండుట బలిని తృణీకరించుటచే ననుకొందుము. నిజమునకు అతని మతమంతయు ఒక బలిపైననే నిలిచియున్నది.

ఇచ్చట ఒక మాటను విచారింపవలెను. బైబిలును తెనిగించినవారు మన ధర్మశాస్త్రముల నుండి 'ప్రాయశ్చిత్తము' అను పదమును గ్రహించిరి. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున ప్రాయశ్చిత్తమనగా పాపము చేసినవాడే ఆచరింపవలసిన ఉపవాసాది వ్రతము. బైబిలునందో, అది తెగిపోయిన సంబంధమును మరల కలుపుటకై దైవమే చూపిన మార్గము. పదమొక్కటియే, కర్త వేరు.

లేవీయకాండమును చూడుడు. పాపి పశువు తలపై చేయి యుంచి, తానే దానిని వధింపవలెను. రక్తము ప్రాణమునకు స్థానము. దానిని బలిపీఠముపై ప్రాయశ్చిత్తమునకై తానే ఇచ్చితినని దైవము పలుకును. కావున అది కోపించిన దేవతకు లంచము కాదు. ఏటికొక దినమున రెండు మేకలను తెత్తురు. ఒకదానిని వధించి, దాని రక్తమును కరుణాపీఠమునెదుట ప్రోక్షింతురు. రెండవదాని తలపై ప్రధాన యాజకుడు చేతులుంచి, ప్రజల పాపములను ఒప్పుకొని, అరణ్యమునకు పంపివేయును. పశువును తేలేని పేదవాడు రెండు గువ్వలను, అదియు లేనివాడు పిడికెడు రక్తమైనను లేని గోధుమపిండిని అర్పింపవచ్చును. దీనిని బట్టి రక్తముకంటె పశ్చాత్తాపమే ముఖ్యమని తెలియుచున్నది. దయలేని బలులు దైవమునకు హేయములని హోషేయాది ప్రవక్తలు ఎలుగెత్తి చాటిరి.

క్రీ. శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును కూల్చివేయగా ఆ బలులు నిలిచిపోయినవి. పశువుల రక్తము పాపమును తొలగింపజాలదనియు, క్రీస్తు తన్ను తానే ఒక్కమారు అర్పించుకొనుటతో బలి సంపూర్ణమైనదనియు హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక బోధించును. ఆ మరణము పాపమునెట్లు హరించునను విషయమున క్రైస్తవులలోనే మతభేదములు గలవు. దైవగౌరవమునకు కలిగిన లోటును అది పూరించెనని 11వ శతాబ్ది చివర ఆన్సెల్ము ప్రతిపాదించెను. మానవ హృదయమున ప్రేమను మేల్కొల్పెనని తరువాతి తరమున అబెలార్డు వ్యాఖ్యానించెను. అర్పించువాడును అర్పణమును ఒక్కరే యనుటలో మాత్రము భేదము లేదు. పూర్తియైన బలికి మరియొక బలిని చేర్చుట క్రైస్తవునికి దానిని శంకించుటయే యగును.

పామేటికి దక్షిణమున, గోదావరీతీరమందలి దుమ్ముగూడెమున 19వ శతాబ్ది ఉత్తరార్ధమునందు క్రైస్తవ మిషను కోయలలో పనిచేసెను. జాన్ కెయిన్ అను బోధకుడు లూకా సువార్తను కోయభాషలోనికి తెచ్చెను. శిశువైన యేసును దేవాలయమునకు తెచ్చినపుడు తల్లిదండ్రులు పేదల అర్పణమైన పక్షులజతను సమర్పించుట ఆ గ్రంథముననే యున్నది. కోడిని చేతబట్టి భూమాత యెదుట నిలిచిన కోయ తల్లికిని, ఆ తల్లికిని ఎంత దూరము?

కాని క్రైస్తవునిపై ఒక భారము మిగిలియున్నది. తమ శరీరములనే సజీవయాగముగా అర్పింపుడని పౌలు కోరెను. సోదరునకు నీపై కోపము గలదని జ్ఞప్తికి వచ్చినచో, కానుకను బలిపీఠమునెదుటనే విడిచి, ముందు అతనితో సమాధానపడుమని క్రీస్తు ఆదేశించెను. ఊరివారును ఒకటి గుర్తింపవలెను: పంక్తికి రానివాడు పంక్తిని ద్వేషించువాడు కాడు. బలి యెట్టిదైనను 'నాది' అనుదానిని విడుచుటయే దాని ప్రాణము. అహంకారమును విడువక ఒకడు కోడిని కోసినను, మరియొకడు కోయక మానినను, ప్రాయశ్చిత్తము జరుగనట్లే.