మోకీలు మార్పిడి ఆపరేషన్: ఎప్పుడు చేయించుకోవాలి? తరువాత ఏం చేయాలి?



“డాక్టరుగారూ, ఆపరేషన్ అయ్యాక మళ్లీ మోకాళ్లూని ప్రార్థన చేసుకోగలనా?” ఎముకల ఓ.పి.లో పెద్దవయసు అమ్మలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఖర్చెంతని కొడుకు అడుగుతాడు. ఎన్నాళ్లు మంచంమీద ఉండాలని కోడలు అడుగుతుంది. ఆ ఇద్దరూ మందుల చీటీ తీసుకుని బయటికి వెళ్లాక, అమ్మగారు వెనక్కి తిరిగి మెల్లగా ఈ మాట అడుగుతారు. దీనికి జవాబు ఉంది, కాని దానికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. అసలు ఆపరేషన్ అవసరమా?

తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగాన నున్నటి పొర ఉంటుంది. దాన్నే మనం గుజ్జు అంటాము. దానిలో రక్తనాళాలు లేవు కనుక ఒకసారి అరిగితే చర్మం మానినట్లు మానదు. వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, వంశపారంపర్యం అన్నీ కలిసి దాన్ని అరగదీస్తాయి. లోపలివైపు ఎక్కువగా అరిగినప్పుడు కాళ్లు దొడ్డికాళ్లవుతాయి. గుజ్జు తిరిగి పెరిగేలా చేస్తామని చెప్పి అమ్మే పొడులకు, నూనెలకు డబ్బు పోయవద్దు. ఊళ్లో ఇచ్చే పేరులేని బిళ్లల విషయంలో మరీ జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్ ఉంటే నొప్పి నాలుగు రోజులు మాయమైనట్లే ఉంటుంది, ఈలోగా షుగరు పెరుగుతుంది. నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే మూత్రపిండాలు, కడుపు దెబ్బతింటాయి.

నిలబడి తీసిన ఎక్స్‌రే చూస్తే అరుగుదల తెలుస్తుంది. కాని ఎక్స్‌రేకు ఆపరేషన్ చేయము, మనిషికి చేస్తాము. ఎముకలు రెండూ ఒకదానికొకటి ఆనిపోయినట్లు కనబడుతున్నా రోజూ సంతకు నడిచి వెళ్లేవారున్నారు. వారికి తొందరలేదు. ఎక్స్‌రేలో కొంచెమే అరిగి, నొప్పి మాత్రం విపరీతంగా ఉంటే ఆ నొప్పి తుంటినుంచో, నడుమునుంచో వస్తున్నదేమో చూడాలి. అలాంటప్పుడు మోకీలు మార్చినా నొప్పి పోదు.

మీకు మీరే కొన్ని ప్రశ్నలు వేసుకోండి. రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నదా? వీధి చివరి దుకాణం దాకా కూడా ఆగకుండా నడవలేకపోతున్నారా? బాత్రూముకు వెళ్లడానికి కూడా ఎవరో ఒకరు పట్టుకోవలసి వస్తున్నదా? ఆదివారం ఆరాధనకు, పెళ్లిళ్లకు వెళ్లడం మానుకున్నారా? కనీసం మూడు నెలలపాటు శ్రద్ధగా వ్యాయామం చేసి, బరువు తగ్గే ప్రయత్నం చేసి, చేతికర్ర వాడి, డాక్టరు చెప్పిన మందులు తీసుకున్నాక కూడా ఇవన్నీ అలాగే ఉంటే అప్పుడు ఆపరేషన్ మాట ఆలోచించాలి. ఇక్కడొక చిన్న సంగతి. చేతికర్రను నొప్పి ఉన్న కాలివైపు పట్టుకునేవారే ఎక్కువ. ఎదుటి చేతిలో పట్టుకోవాలి. అప్పుడే మోకాలిమీద భారం తగ్గుతుంది.

వ్యాయామం అంటే పెద్ద పనేమీ కాదు. మంచంమీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి అదిమి ఐదు లెక్కపెట్టి వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలా. తొడ కండరం గట్టిపడితే కీలుమీద ఒత్తిడి తగ్గుతుంది. కొందరికి దీనితోనే ఆపరేషన్ కొన్నేళ్లు వెనక్కి వెళ్తుంది. ఆపరేషన్ తప్పనివారికి కూడా ఇది వృథా కాదు. ముందునుంచి కండరం బలంగా ఉన్నవారు తరువాత త్వరగా లేస్తారు.

నిర్ణయం ఎవరిది? అమెరికాలో ఉన్న అబ్బాయి నెలరోజుల సెలవుమీద వచ్చాడు కనుక ఆ నెలలోనే కానిచ్చేద్దామని వచ్చే కుటుంబాలున్నాయి. మొదటి నెల ఇంట్లో మనిషి తోడు కావాలి, అది నిజమే. కాని ఆపరేషన్ తరువాత నొప్పి ఓర్చుకుని కాలు వంచవలసింది అమ్మగారు. ఆమెకు మనసు లేకుండా పిల్లల బలవంతంమీద ఒప్పుకుంటే వ్యాయామం దగ్గర ఆగిపోతుంది, కాలు బిగుసుకుపోతుంది. దీనికి వ్యతిరేకంగా, “నాకెందుకురా ఈ వయసులో, మీకు ఖర్చు” అని ఏళ్ల తరబడి వాయిదా వేసేవారూ ఉన్నారు. కాలు పూర్తిగా చాచలేని స్థితికి వచ్చాక, తొడ కండరం ఎండిపోయాక చేస్తే ఫలితం అంత బాగా రాదు. 75 ఏళ్లు దాటాయనే ఒక్క కారణంతో ఎవరినీ తిప్పి పంపము. గుండె, ఊపిరితిత్తులు, షుగరు ఎలా ఉన్నాయన్నదే ముఖ్యం.

ఇది కొత్త వైద్యమేమీ కాదు. ఈనాటి కృత్రిమ కీళ్లకు మూలమైన నమూనాను 1974లో న్యూయార్క్‌లో మొదటిసారి అమర్చారు. దాన్ని రూపొందించిన వారిలో డాక్టర్ జాన్ ఇన్సాల్‌తో పాటు మన దేశంలో పుట్టిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్ ఒకరు. అప్పటి ప్రధాని వాజపేయిగారికి 2000 అక్టోబరులో ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ముంబయిలో ఆపరేషన్ చేసింది ఈ రణావత్‌గారే. మన పల్లెల్లో చాలామంది ఈ ఆపరేషన్ పేరు మొదట విన్నది ఆ వార్తల్లోనే.

కీలంతా కోసి తీసేస్తారని భయపడతారు. నిజానికి అరిగిన ఎముక చివరలను కొద్ది మిల్లీమీటర్ల మందాన చెక్కి, లోహపు తొడుగులు అమర్చి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. ఎక్కువగా నడుములో మత్తు ఇంజక్షన్ ఇచ్చి చేస్తారు. కృత్రిమ కీలు ధరకు కేంద్రప్రభుత్వ ధరల సంస్థ 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. అందరికీ వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు నిర్ణయించినది పన్ను కాకుండా 54,720 రూపాయలు. ఆపరేషన్, గది, మందుల ఖర్చు వేరు. ఏ ఆసుపత్రిలో చేయించుకున్నా బిల్లులో కీలు ధర విడిగా రాసి ఇమ్మని అడగండి. ఇప్పుడు పట్టణాల్లో రోబో ఆపరేషన్ బోర్డులు చాలా కనబడుతున్నాయి. కీలు కచ్చితంగా అమర్చడానికి రోబో సాయపడవచ్చు. కాని దానివల్ల నొప్పి, నడక ఎక్కువ బాగుపడతాయని ఇంకా గట్టిగా తేలలేదు. దానికోసం పొలం అమ్ముకోవద్దు.

ఎన్నాళ్లు నిలుస్తుంది? 2019లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం 25 ఏళ్ల తరువాత కూడా సుమారు 82 శాతం కీళ్లు పనిచేస్తూనే ఉన్నాయి. అంటే 65, 70 ఏళ్లవారికి ఎక్కువమందికి జీవితాంతం వస్తుంది. ఇంకొక నిజం కూడా చెప్పాలి. పదిమందిలో ఒకరికో ఇద్దరికో ఆపరేషన్ సాఫీగా జరిగినా పూర్తి తృప్తి ఉండదు, కొంత నొప్పి మిగులుతుంది. ఈ మాట ముందే తెలిసి ఒప్పుకోవడం మంచిది.

తేదీ నిర్ణయించుకున్నాక షుగరు అదుపులోకి తెచ్చుకోండి. పుచ్చిన పళ్లు, మూత్రంలో మంట, కాలివేళ్ల మధ్య పుండ్లు, సెగగడ్డలు ఏవున్నా ముందు నయం చేయించుకోండి. అక్కడి సూక్ష్మజీవులు కొత్త కీలులో చేరితే చాలా కష్టం. పొగాకు మానాలి. గత మూడు నెలల్లో మోకాలిలో ఇంజక్షన్ చేయించుకుని ఉంటే దాచవద్దు. ఇంట్లో కుర్చీ కమోడ్, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ, ఎత్తైన మంచం ముందే ఏర్పాటు చేసుకోవాలి. కాళ్లకు అడ్డుపడే చాపలు, గోనెపట్టాలు తీసేయండి.

ఆపరేషన్ అయిన రోజునో మరునాడో వాకర్‌తో నిలబెడతాము. “కుట్లు ఊడిపోవా?” అని ఇంటివారు కంగారుపడతారు. ఊడవు. నడిస్తేనే కాలి రక్తనాళాల్లో గడ్డలు కట్టకుండా ఉంటుంది. పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు చెప్పినన్నాళ్లూ మానకూడదు. ప్రేమతో చేసే పొరపాటు ఒకటుంది. నొప్పిగా ఉందని మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు. అలా పెడితే కాలు వంగిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టి, మోకాలు చాచి ఉంచాలి. నూనె మర్దన వద్దు. ఐసుగడ్డలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టవచ్చు.

కుట్లు దాదాపు రెండు వారాలకు తీస్తారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చాలామంది ఆరు వారాలకు చేతికర్రతోనో, కర్ర లేకుండానో నడుస్తారు. రెండో మూడో వారంలో మాత్రం మనసు దిగులుపడుతుంది. రాత్రి నిద్రపట్టదు, “ఎందుకు చేయించుకున్నానా” అనిపిస్తుంది. ఇది చాలామందికి వచ్చే దశ. చూడటానికి వచ్చే బంధువులు, సంఘస్థులు అప్పుడు “ఫలానావారికి బాగా కాలేదట” అన్న కబుర్లు చెప్పకుండా, ఆమెతో పాటు వరండాలో నాలుగడుగులు వేస్తే మేలు. వాపు, వేడి కొన్ని నెలలు ఉంటాయి. మచ్చకు బయటివైపు చర్మం మొద్దుబారినట్లు ఉంటుంది. పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది పట్టవచ్చు.

పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, గాయం ఎర్రబడి చీముకారినా, చలిజ్వరం వచ్చినా అదేరోజు రండి. ఊళ్లో యాంటీబయాటిక్ ఇంజక్షన్ వేయించుకుని ఆగవద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం హఠాత్తుగా వస్తే అది ప్రాణాపాయం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ అమ్మగారి ప్రశ్న. గాయం బాగా మానాక, సాధారణంగా మూడు నెలలు దాటాక, డాక్టరు సరేనంటే మెత్తటి దిండుమీద మోకాళ్లూనవచ్చు. కీలు విరిగిపోదు. కాని మొద్దుబారిన చర్మంవల్ల వింతగా, ఇబ్బందిగా ఉంటుంది. ఎంతోమంది ప్రయత్నించి మానుకుంటారు. లేవడానికి ఎదురుగా గట్టి కుర్చీ ఉండాలి, ఆపరేషన్ కానికాలు ముందు మోపి లేవాలి. నేలమీద బాసింపట్టు వేసి కూర్చోవడం, గొంతుకూర్చోవడం మాత్రం మానుకోవలసిందే. సంఘపెద్దలకు ఒక మనవి. అందరూ మోకాళ్లూనండి అన్నప్పుడు కుర్చీలో ఉండిపోయిన పెద్దలవైపు ఎవరూ తిరిగి చూడకుండా, చేతులున్న కుర్చీలు నాలుగు ముందు వరుసలోనే వేయించండి.

ఓ.పి.కి వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల అట్టలన్నీ తెండి. ఇంట్లో మీకు తోడుండే మనిషిని కూడా తీసుకురండి.