అర్ధరాత్రి గుండెదడతో లేస్తే ఏం చేయాలి?

కోనసీమలో గ్యాస్ అన్న మాటకు రెండర్థాలు. ఒకటి భూమిలోంచి తోడేది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది, 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో పైపులైను పేలింది, కాబట్టి ఆ గ్యాస్ గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండోది పొట్టలోది. రాత్రి ఒంటిగంటకు ఇంట్లో ఎవరైనా ఉలిక్కిపడి లేచి, చెమటలు కారుతూ, గుండె పట్టుకుని కూర్చుంటే ముందొచ్చే మాట, “గ్యాస్ పట్టేసుంటది.” వాము నీళ్ళు తాగిస్తారు. అరగంటకు తగ్గుతుంది. చూశారా, గ్యాసే అంటారు. వాము ఇవ్వకపోయినా ఆ అరగంటకే తగ్గేదన్న సంగతి ఎవరికీ తట్టదు. అలా ఒక్కొక్కరు ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్రలు మింగుతూ గడిపేస్తారు.

దీన్ని డాక్టర్లు ప్యానిక్ అటాక్ అంటారు. మాటిమాటికీ వస్తూ, మళ్ళీ వస్తుందేమోనన్న బెంగ మనిషిని వదలకపోతే అది ప్యానిక్ డిజార్డర్. ఈ జబ్బు అమెరికా మనోవైద్యుల పుస్తకంలోకి ఈ పేరుతో ఎక్కిందే 1980లో. రాత్రి వచ్చేది సాధారణంగా నిద్రపట్టిన గంట నుంచి మూడు గంటల లోపు వస్తుంది. పీడకల వల్ల కాదు. కల ఏదీ గుర్తుండదు, కారణం ఏదీ కనబడదు. పగలు వస్తే ఎవరితోనో గొడవనో, ఎండనో, బస్సులో రద్దీనో అనుకోవచ్చు. నిద్రలో వచ్చినదానికి మనసు వెంటనే చెప్పుకునే కారణం ఒక్కటే: గుండె ఆగిపోతోంది.

ముందు పగలు చేయాల్సిన పని

మొదటిసారి వచ్చినప్పుడు అది ప్యానిక్ అని మీరు తేల్చుకోకండి. నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్, పొగతాగే అలవాటు ఉన్నవాళ్ళు మరీను. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, నొప్పి ఎడమచేతికో దవడకో పాకుతున్నా, స్పృహ తప్పుతున్నా, పదిహేను ఇరవై నిమిషాలైనా తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి. ఊరికే కంగారుపడ్డారని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

షుగర్‌కు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. రాత్రి షుగర్ పడిపోయినా ఇదే చెమట, ఇదే వణుకు, ఇదే దడ. మిషన్ ఉంటే చూసుకోండి, లేకపోతే ముందు మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకోండి.

తర్వాత ఒక పగలు ఆసుపత్రికి వెళ్ళి ఈసీజీ, థైరాయిడ్, రక్తం, షుగర్ పరీక్షలు చేయించుకోండి. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయి లేచే అలవాటుంటే చెప్పండి, అది వేరే జబ్బు. పడుకోగానే గొంతులోకి పులుపు తన్నుకొస్తే చెప్పండి. పిల్లికూతలు వస్తే చెప్పండి. ఇవన్నీ బాగానే ఉన్నాయని తేలాక ఆ కాగితాలు ఒక కవర్లో పెట్టి దాచండి. ప్రతి దడకూ కొత్త ఈసీజీ తీయించుకోవడం మొదలుపెడితే దానికి అంతుండదు.

దడ మొదలైన నిమిషం

లేచి కూర్చోండి. పాదాలు రెండూ చల్లటి గచ్చుకు ఆనించండి. గడియారం చూడండి. ఇది ముఖ్యం. దడ పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరుతుంది, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. లోపల ఉన్నవాడికి ఆ పది నిమిషాలూ తెల్లవార్లూ జరిగినట్టుంటాయి, అందుకే గడియారం సాక్ష్యం కావాలి.

ఊపిరాడట్లేదని కిటికీలన్నీ తెరిచి, వీధిలోకి పరిగెత్తి, నోరు తెరిచి గాలి లాగుతాం. నిజానికి అప్పుడు గాలి తక్కువ కాలేదు, ఎక్కువైంది. గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. వేళ్ళు తిమ్మిరెక్కడం, మూతి చుట్టూ చీమలు పాకినట్టుండడం, తల తిరగడం దానివల్లే. ఆ తిమ్మిరి చూసి పక్షవాతమేమోనని ఇంకా భయపడి ఇంకా గాలి లాగుతాం. కాబట్టి “గట్టిగా ఊపిరి తీసుకో” అని ఎవరన్నా వినకండి. ముక్కుతో మామూలుగా, నాలుగు లెక్కపెట్టేంతసేపు తీసుకోండి. ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. తీయడం కన్నా వదలడం పొడుగ్గా ఉండాలి, అంతే. మొహానికి సంచి పెట్టుకోవడం ప్రమాదం, ఆ పని వద్దు.

మనసుకు ఏదో ఒక పని చెప్పాలి. నేను బస్సు స్టాపులు వెనక్కి చెప్పుకుంటాను. రాజోలు, తాటిపాక, నగరం, మామిడికుదురు, పాశర్లపూడి, బోడసకుర్రు వంతెన, అమలాపురం. ముందుకు చెప్పడం అలవాటైపోయింది కాబట్టి అది పనిచేయదు, వెనక్కి చెప్పాలంటే ఆలోచించాలి. ఒక్కో స్టాపు దగ్గర ఆగి అక్కడ మూలనున్న కొట్టు ఏమిటో గుర్తుతెచ్చుకుంటాను. మీకు కొత్తపేట రూటు తెలిస్తే అది చెప్పుకోండి.

దాన్ని ఆపాలని మాత్రం కుస్తీ పట్టకండి. తగ్గిందా తగ్గిందా అని నాడి పట్టి చూసుకోవడం కూడా కుస్తీయే. రానివ్వండి, కూర్చోండి.

పక్కన పడుకున్నవాళ్ళకు

లైట్లన్నీ వేసి, వీధి వీధంతా లేపి, ఒకరు అరికాళ్ళు రుద్దుతూ ఇంకొకరు బామ్ రాస్తుంటే మనిషి తాను చచ్చిపోతున్నానని ఖాయం చేసుకుంటాడు. డాక్టరు ఆ మనిషికి రాసివ్వని సార్బిట్రేట్, అదే గుండెనొప్పి మాత్ర, నాలుక కింద పెట్టకండి, బీపీ పడిపోతుంది. పక్కన కూర్చుని ఒక్క మాట చాలు: “ఇదివరకు వచ్చిందే కదండీ, తగ్గిపోద్ది, నేనిక్కడే ఉన్నాను.” ఆ తర్వాత మాట్లాడకండి. మామ్మ దిష్టి తీస్తానంటే పొద్దున్న తీయనివ్వండి. ఆవిడతో వాదన పెట్టుకుంటే మీకే దడ వస్తుంది.

తగ్గాక కాసిని నీళ్ళు తాగి అదే మంచం మీద పడుకోండి. హాల్లోకి మారడం, లైటు వేసి పడుకోవడం, ఒంటరిగా పడుకోనని మొండికేయడం ఆ రాత్రికి బాగానే ఉంటాయి. నెల తిరిగేసరికి మీ ఇల్లంతా ఆ భయం చెప్పినట్టు నడుస్తుంది. రాత్రి పదకొండైతే చాలు, పడుకోవాలంటేనే జంకు మొదలవుతుంది. అసలు జబ్బు ఆ అరగంట దడ కాదు, ఈ జంకే.

మర్నాటి నుంచి

దిండు దగ్గర నోటుబుక్కు పెట్టుకోండి. ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపుంది, ఆ సాయంత్రం ఏం తిన్నారు, ఏం తాగారు, ఎన్నింటికి పడుకున్నారు. రెండు వారాలకు మీకే ఏదో కనబడుతుంది. సాయంత్రం టీ కావచ్చు. మద్యం కావచ్చు. మద్యం మొదట నిద్రపుచ్చుతుంది, దిగిపోయేటప్పుడు నడిరాత్రి గుండెను తట్టి లేపుతుంది. నడిరాత్రి ఫోనూ కావచ్చు. రాజోలు, మలికిపురం వైపు చాలా ఇళ్ళలో ఒకరైనా గల్ఫులో ఉంటారు. కువైట్‌కూ మనకూ రెండున్నర గంటల తేడా. అక్కడ అమ్మ పని ముగించుకుని పదకొండింటికి ఫోన్ చేస్తే ఇక్కడ ఒంటిగంటన్నర. ఆ ఫోన్ మానేయమని చెప్పడానికి నాకు నోరు రాదు. రోజూ కాకుండా సెలవు రోజు పగటికి మార్చుకోగలరేమో చూడండి.

ఇంకొక సాధన ఉంది, వినగానే పిచ్చిపనిలా ఉంటుంది. గుండె బాగానే ఉందని డాక్టరు చెప్పాక, పగటిపూట ఒక నిమిషం నిలబడ్డచోటే పరుగు తీయండి, లేదా మేడమెట్లు రెండుసార్లు గబగబా ఎక్కి దిగండి. గుండె దడదడలాడుతుంది. అలాగే కూర్చుని చూడండి, ఏమీ కాదు, తగ్గుతుంది. రోజూ చేస్తే గుండె వేగంగా కొట్టుకోవడం అంటే చావు కాదని మనసుకన్నా ముందు ఒంటికి తెలుస్తుంది. రాత్రి దడకు సగం బలం దానంటే మీకున్న భయం నుంచే వస్తుంది. సైకాలజిస్టులు చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ఇదొక భాగం. వాళ్ళ దగ్గర నేర్చుకుని చేస్తే ఇంకా మేలు.

మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రాజోలం తెచ్చుకోకండి. ఆ రాత్రికి హాయిగా ఉంటుంది, కొన్ని వారాలకు అది లేనిదే కునుకు పట్టదు. డాక్టరు రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి వేరే రకం. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో గాభరా కాస్త పెరిగినట్టు కూడా ఉండొచ్చు. “మందు పడలేదు” అని నాలుగోరోజు మానేసేవాళ్ళే ఎక్కువ. మానేయాలన్నా ఆ డాక్టరునే అడిగి నెమ్మదిగా తగ్గించుకోవాలి.

ఒక్క తేడా గమనించండి. మా పిన్ని 1996 నవంబరు 6 తుఫాను రాత్రి రెండు గదుల ఇంట్లో పదిమందితో ఉంది. ఇప్పటికీ కొబ్బరాకులు గట్టిగా కొట్టుకుంటే అరుస్తూ లేస్తుంది, ఆ నీళ్ళే కలలోకి వస్తాయంటుంది. అది ఈ వ్యాసంలో చెబుతున్న దడ కాదు. జరిగిన ఘోరమే మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకు వస్తుంటే ఆ మాట డాక్టరుకు విడిగా చెప్పాలి, దాని వైద్యం వేరు.

వైద్యానికి దూరం వెళ్ళాల్సిన పనిలేదు. అమలాపురంలో కిమ్స్ మెడికల్ కాలేజీ ఉంది, కాకినాడలో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. మానసిక వైద్య విభాగం ఓపీ అని అడగండి. పిచ్చాసుపత్రికి వెళ్ళాడంటారేమోనని వెనకాడేవాళ్ళు ముందు ఇంట్లోంచే 14416కు ఫోన్ చేయొచ్చు. అది 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా తీస్తారు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ నంబరుకు అప్పుడే చేయండి, తెల్లారేదాకా ఆగకండి. ఓపీకి వెళ్ళేటప్పుడు పాత ఈసీజీ కవరూ, దిండు దగ్గరి నోటుబుక్కూ తీసుకెళ్ళండి. డాక్టరు మీకిచ్చే ఐదు నిమిషాల్లో సగం ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.