ఆకాశపు దుర్భిణికి అర్జీలు

మన శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28వ తేదీన ఆస్ట్రోశాట్ అను దుర్భిణి ఉపగ్రహము సుమారు 650 కిలోమీటర్ల ఎత్తునకు పంపబడినది. కాలువ నీటికి వలె దీనికిని వంతులు ఏర్పరుపవలసివచ్చెను. ఏ నక్షత్రమును, ఎంతసేపు చూడగోరుదురో శాస్త్రజ్ఞులు ముందుగా అర్జీ పెట్టుకొనవలెను. అందులకు తగిన కంప్యూటరు ఏర్పాటును పూణేలోని ఐయూకా సంస్థ సిద్ధపరచినది.

ఇందు మేము మిక్కిలి మెచ్చినది ముందుజాగ్రత్త. అతినీలలోహిత కాంతిని గ్రహించు పరికరము బహు సున్నితము. ప్రకాశమానమగు చుక్క ఎదుటబడినచో చెడిపోవచ్చును. పైకి పోయి బాగుచేయువారెవరు? కావున గోరిన నక్షత్రమునే గాక దాని ఇరుగుపొరుగు చుక్కల వెలుగును సైతము అర్జీదారుడు లెక్కకట్టి చూపవలెను. లెక్క కుదరనిచో ఆ పరికరమునకు అటు చూపు లేదు.

వచ్చిన సమాచారము బెంగుళూరు చేరువనున్న బ్యాలాలు కేంద్రమున భద్రపరుపబడి, మొదట అర్జీదారునకును, గడువు తీరిన పిదప కోరినవారికెల్లరకును లభించును.