ఎడమచేతికి తంబురా, కుడిచేతికి హార్మోనియం: ఒకే కీబోర్డు మీద స్ప్లిట్, లేయర్

పద్యనాటకాల్లో చేతిపెట్టె పట్టిన హార్మోనిస్టుకి వాయించడానికి మిగిలేది ఒక్క చెయ్యే. రెండోది తిత్తికి అంకితం. అయినా పెట్టె నిండుగా పలుకుతుంది. మంచి పెట్టెలో ఒక్కో మెట్టు కింద రెండు వరసల రీడ్లుంటాయి. ముందున్న గుబ్బలు లాగితే మంద్ర, మధ్య స్థాయిలు కలిసి మోగుతాయి. కప్లర్ ఉన్నదైతే ఒక మెట్టు నొక్కగానే మరో స్థాయిలో దాని జతమెట్టు తనంతట తానే దిగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో లేయర్ అంటే ఇదే. నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు, నటుడు బళ్ళారి రాఘవ తిరిగిన మా బళ్ళారిలో దీన్ని కొత్త విద్య అనలేం.

స్ప్లిట్ వేరు. కీబోర్డును ఒకచోట రెండుగా విడగొట్టి ఎడమ భాగానికి ఒక వాద్యం, కుడి భాగానికి ఇంకొకటి ఇవ్వడం. తిత్తి పని లేదు కాబట్టి ఎడమచెయ్యి ఇప్పుడు ఖాళీ. దానికి తంబురా ఇద్దాం. కుడిచేతికి హార్మోనియం, దాని వెనక పలచగా వయొలిన్లు. భజనకైనా పద్యానికైనా ఇది చాలు.

నేను వాడేది రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు. వేరే సాఫ్ట్‌వేర్ ఉన్నా దారి ఇంచుమించు ఇదే.

కీబోర్డును యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి తగిలించి మూడు ట్రాకులు తెరవండి. తంబురా, హార్మోనియం, వయొలిన్ ప్లగిన్లను తలా ఒక ట్రాకులో పెట్టండి. మూడింటికీ ఇన్‌పుట్‌గా అదే మిడీ కీబోర్డును ఎంచుకుని, మూడింటి ఎర్ర రికార్డు బటన్లూ నొక్కి, మానిటరింగ్ ఆన్ చేయండి. ఇప్పుడు ఏ మెట్టు నొక్కినా మూడూ ఒక్కసారే మోగుతాయి. సంత గోలలా ఉంటుంది. కంగారు పడకండి, లేయర్ అప్పుడే అయిపోయింది. ఇక కోయడమే మిగిలింది.

ప్రతి ట్రాకులోనూ వాద్యం ప్లగిన్‌కి పైన మిడీ నోట్ ఫిల్టర్ వేయండి. కింద వేస్తే పనిచేయదు. అది అడిగేవి రెండే అంకెలు: ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు. 61 మెట్ల కీబోర్డు మామూలుగా 36 నుంచి 96 దాకా నోటు నంబర్లు పంపుతుంది. అంకెలనే నమ్మండి, అక్షరాలను కాదు. 60వ నోటును ఒక సాఫ్ట్‌వేర్ సీ3 అంటుంది, ఇంకోటి సీ4, ఎఫ్ఎల్ స్టూడియో సీ5. నోటు మాత్రం ఒకటే.

మొదటి స్థాయి పన్నెండు మెట్లు, అంటే 36 నుంచి 47, తంబురాకు. 48 నుంచి మిగతా రెండింటికి అని ఎవరైనా చెబుతారు. ఒకటి శ్రుతిలో పాడేవాళ్ళకి అది సరిపోతుంది. మీ గాయకుడిది నాలుగు శ్రుతి అనుకోండి. షడ్జమం 41 మీద పడుతుంది. పంచమం దానికి ఏడు మెట్లు పైన, 48 మీద. మీరు గీసిన గీతకి అవతల! ఎడమచేత్తో స, ప పట్టుకుంటే స తంబురాలో, ప హార్మోనియంలో మోగుతాయి. కాబట్టి ముందు శ్రుతి అడగండి, తర్వాతే గీత గీయండి. నాలుగు శ్రుతికి తంబురా 36–48, మిగతావి 49–96. గీత తగవు మా జిల్లాకు బాగా తెలుసు: 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. కీబోర్డు మీద గీతనైతే రికార్డింగ్ అయ్యాక కూడా జరుపుకోవచ్చు. రీపర్ మామూలు పద్ధతిలో మీరు నొక్కిన మెట్లన్నిటినీ ఉన్నవున్నట్టు దాచుకుంటుంది. ఫిల్టర్ పనిచేసేది వినిపించేటప్పుడే.

ఇక వయొలిన్లు. కొత్తవాళ్ళు వాటిని హార్మోనియంతో సమానంగా పెంచేస్తారు. అప్పుడు రెండూ పోట్లాడి పద్యం మునిగిపోతుంది. హార్మోనియం కంటే పది డెసిబెల్స్ తగ్గించి మొదలుపెట్టండి. ఈక్వలైజర్‌లో 200 హెర్ట్జ్ కింది భాగం తీసేయండి. వయొలిన్ శబ్దం మెల్లగా లేస్తుంది కాబట్టి వేగంగా సంగతులు వేస్తే వెనకబడుతుంది, అటాక్ తగ్గించండి. సరిపోయిందో లేదో చూడటానికి ఒకటే పరీక్ష. ఉన్నప్పుడు వయొలిన్ అని చెవికి తెలియకూడదు, ఆపేస్తే వెలితి తెలియాలి.

మెట్టు నొక్కాక ధ్వని ఆలస్యంగా వస్తుంటే ఆడియో సెట్టింగుల్లో బఫర్‌ను 128 శాంపిల్స్‌కి దించండి. 44,100 శాంపిల్ రేటులో అది దాదాపు 3 మిల్లీసెకన్లు. చిటపటలు వస్తే 256కి పెంచండి.

చివరగా పెడల్. నోట్ ఫిల్టర్ నోట్లనే ఆపుతుంది, పెడల్ సందేశాన్ని ఆపదు. అది మూడు ట్రాకులకీ వెళ్తుంది. ఒక భజనలో నాలుగు శ్రుతి ఆయన పాడి లేచాక ఐదు శ్రుతి ఆయన కూర్చున్నారు. వయొలిన్ తెగకుండా నేను పెడల్ తొక్కే ఉన్నాను. ఎడమచెయ్యి కొత్త షడ్జమం మీదకు జరిగింది, పాత షడ్జమం మాత్రం పోలేదు. రెండు తంబురాలు రెండు శ్రుతుల్లో! ఆయన ఎత్తుకున్న పాట ఆపి, పాడైంది నా పెట్టా తన చెవులా అన్నట్టు నావైపు చూశారు. తంబురా ట్రాకులో 64వ నంబరు కంట్రోలర్‌ను అడ్డుకునే ఫిల్టర్ వేస్తే ఈ గొడవ ఉండదు. నేనైతే ఇప్పుడు పెడల్‌ని ఇంట్లోనే వదిలేసి వెళ్తున్నాను.